అతికించుటకు ముందు

తోలుసంచికి లోపల అతికించిన అస్తరుగుడ్డ కొంతకాలమునకు ఊడి వచ్చినచో మనము జిగురును నిందింతుము. చాలమారులు దోషము జిగురునది కాదు. అది అంటవలసిన ఉపరితలమునది.

తామరాకుపై నీటిబొట్టు నిలువక జారిపోవుట ఎల్లరెరిగినదే. నీరు ఆ ఆకును తడుపజాలదు. జిగురునకును ఇదే న్యాయము. తడుపనిదే అది అంటదు. తోలు మెత్తగా నుండుటకై తయారీలో నూనె పట్టింతురు, పైన మెరుగుపూత వేయుదురు. కొత్త గుడ్డలో గంజియో, నీరంటనీయని పూతయో ఉండవచ్చును. జిగురునకు ఇవియే తామరాకులు.

ఆక్రిలిక్ పదార్థములకును తోలునకును పాత చుట్టరికము కలదు. జర్మను రసాయనవేత్త ఆటో రోమ్ 1901లో ఆక్రిలిక్ పదార్థములపై పరిశోధన వ్యాసము సమర్పించెను. 1907లో ఆటో హాస్‌తో కలిసి ఆయన స్థాపించిన సంస్థ తొలుత అమ్మినది తోళ్ల పదునుకు ఉపయోగించు ఎంజైము సరుకు.

వెనుకటి జిగురులనేకము రబ్బరును ద్రావకములలో కరగించి చేసినవి. నేటికిని అట్టివి వాడుకలో నున్నవి. ఆ ద్రావకము ఉపరితలమందలి జిడ్డును కొంత కరగించి అంటుటకు దారి చేయును. కాని దాని ఆవిరి పనివాని ఊపిరిలో చేరును. 1960 దశకమున ఇటలీలోను, 1970 దశకమున టర్కీలోను, బెంజీను గల జిగురులతో పనిచేసిన పాదరక్షల పనివారికి ఘోరమైన రక్తవ్యాధులు కలుగుట వైద్యులు గుర్తించిరి. నీటితో చేసిన ఆక్రిలిక్ జిగురునందు అట్టి ద్రావకముల భయము మిక్కిలి తక్కువ. అయితే నీటికిని జిడ్డునకును పొత్తు కుదరదు. కావున ద్రావకము చేయుచుండిన పనిని ఇక మన చేతులే చేయవలెను.

తోలు లోపలివైపు సహజముగనే గరుకుగా నుండును. వీలైనచో అటువైపే అతికించుట మేలు. నున్ననివైపు అతికించవలసివచ్చినచో ఉప్పుకాగితముతో పైపూత పోయి నారలు తేలువరకు మాత్రమే రుద్దవలెను. మితిమీరినచో తోలే బలహీనమగును. ఆ దుమ్ము పీల్చకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొని, తరువాత కుంచెతో దులుపవలెను. గుడ్డను ఉతికి, గంజి పోగొట్టి, బాగుగా ఆరనీయవలెను. కొన్ని కృత్రిమపు నూలు గుడ్డలకు మిల్లులలో విద్యుద్విసర్జనము కావించి, తడియంటు గుణము కలిగింతురు. ఆ గుణము నాళ్లు గడచినకొలది తగ్గును గనుక ఆలస్యము చేయరాదు.

ఉపరితలము సిద్ధమైనదా అని తెలియుటకు ఒక నీటిబొట్టు చాలును. అది పూసవలె నిలిచినచో పని మిగిలియున్నది. పరచుకొని ఇంకినచో జిగురు పూయవచ్చును. పలుచగా రెండువైపుల పూసి, పాలవంటి తెలుపు తగ్గి, తాకిన జిగటగా నున్నప్పుడు అదిమి, బరువు పెట్టి ఒక దినము ఆరనీయవలెను. చిన్న తునుక అతికించి, ఆరినపిదప లాగి చూడుడు. తోలునారలు జిగురుతో ఊడివచ్చినచో అతుకు గట్టిది. జిగురు శుభ్రముగా లేచివచ్చినచో రుద్దుట చాలలేదు.

ఈ ముందరిపనికి కొంత వేళ పట్టును. సంచి బాగుచేయు పనివాడు ఆ వేళకు కూలి యడిగినచో మనము గొణుగరాదు. అది అతుకు మన్నుటకును, అతికించువాని ఆరోగ్యమునకును కలిపి మనమిచ్చు వెల.