బోటు మీటరు – బడి లెక్క
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మాకు బోటు ఇంజన్ల సంగతి ఏం తెలుసని ఇక్కడ కొందరు నవ్వుకోవచ్చు. నిజమే, మాకు తెలిసింది త్రైరాశికం ఒక్కటే. కాని బందరులో ఉన్నవాళ్ళకు గిలకలదిండి రేవు ఎంత దూరం? మా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు అక్కడ మెకానిక్కులు. వాళ్ళలో ఒకడు మమ్మల్ని ఒక తగాదాలోకి లాగాడు. ఆ సంగతే ఈ పూట మనవి చేసుకుంటున్నాం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. మా వేసవి సెలవులూ ఇంచుమించు అప్పుడే. బోట్లన్నీ గట్టున కట్టి ఉంటాయి గనక మరమ్మతులూ అప్పుడే సాగుతాయి. ఆ రోజుల్లో ఒక బోటు యజమాని తన సరంగును మాన్పించడానికి సిద్ధపడ్డాడు. కారణమేమంటే, అంతకు ముందు కొన్ని నెలలుగా బోటు రేవుకు ఆలస్యంగా చేరుతోంది. తోటి బోట్ల సరుకు వేలం అయిపోయాక ఇది వచ్చేది. ఐసు కరిగి, చేప మెత్తబడి, ధర పడిపోయేది. సరంగుది ఒకటే మాట: "ఎప్పటిలాగే 1800 మీదే నడిపానండీ, మీటరు చూసుకోండి." సరే, ఇంజన్ బలం తగ్గిందేమోనని యజమాని డీజిల్ పంపు విప్పించాడు, నాజిళ్ళు మార్పించాడు. డబ్బు పోయింది గాని బోటు నడక మారలేదు. ఇంజన్‌లో తప్పు లేదంటే ఇక మనిషిలోనే ఉండాలని తీర్మానించుకున్నాడు. ఏళ్ళ తరబడి సముద్రం మీద పనిచేసిన మనిషికి అది ఎంత తలవంపో మీరే ఆలోచించండి.

మీటరు సూదిని మాత్రం ఎవరూ అనుమానించలేదు. మా శిష్యుడొక్కడు అనుమానించాడు. పుల్లీకి మెరిసే టేపు ముక్క అంటించి, లేజరు కాంతితో చుట్లు లెక్కపెట్టే చిన్న పరికరం వాడి దగ్గరుంది. బోటు మీటరు 1000 చూపిస్తుంటే అది 800 అన్నది. మీటరు 1500 అంటే అది 1200. యజమాని ఒప్పుకోలేదు. "రెండూ మీటర్లేగా! నాది ఏళ్ళ బట్టి బోటులో ఉంది, నీది మొన్న కొన్నావు. ఏది దొంగో ఎట్లా చెబుతావు?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అప్పుడే వాడు మా ఇంటికొచ్చి, "సర్, మూడో సాక్షి కావాలి" అన్నాడు.

మూడో సాక్షి ట్యూబ్‌లైటు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. పాతకాలపు ఇనుప చోకు ఉన్న ట్యూబు ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు, అంటే సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మన కంటికి తెలియదు గాని తిరిగే చక్రానికి తెలుస్తుంది. ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే సెకనుకు 25. ఒక మినుకుకూ ఇంకో మినుకుకూ మధ్య సరిగ్గా పావు చుట్టు. పుల్లీ మీద సమాన దూరంలో నాలుగు సుద్ద గీతలు గీస్తే, 1500 దగ్గర ఒక గీత ఉన్నచోటికి ఇంకో గీత వచ్చి, నాలుగూ నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. కరెంటు ఆవృత్తిని ఈ రేవులో ఏ మెకానిక్కూ, ఏ యజమానీ మార్చలేడు. ఇప్పటి ఎల్‌ఈడీ ట్యూబులూ, ఎలక్ట్రానిక్ చోకులూ ఈ పనికి నమ్మదగినవి కావు. పాత ట్యూబు కోసం మా బడి స్టోర్ రూంలో వెతికాం.

చీకటి పడ్డాక ఎలక్ట్రీషియన్ చేత గట్టు మీది నుంచి తీగ లాగించి, తడి తగలకుండా ఇంజన్ పైన ట్యూబు వేలాడదీశాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి సరంగు మెల్లగా వేగం పెంచాడు. గీతలు అలుక్కుపోయి, నెమ్మదిగా వెనక్కి పాకి, ఒకచోట ఆగాయి. మీటరు సూది 1875 దగ్గర ఉంది! యజమాని వంగి చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

ఇక్కడొక మాట తప్పక చెప్పాలి. గీతలు ఆగినప్పుడు పక్కనున్న కుర్రాడు "ఇదిగో ఇది" అంటూ వేలు పెట్టబోయాడు. సరంగు వాడి మణికట్టు పట్టి వెనక్కి గుంజాడు. ఆగింది మన చూపేగాని పుల్లీ కాదు. సెకనుకు 25 చుట్లు తిరుగుతూనే ఉంది. ఈ పరీక్ష చేసేవాళ్ళు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇక లెక్క చూడండి. 1000కి 800, 1500కి 1200, 1875కి 1500. ఎక్కడ చూసినా నిష్పత్తి ఒకటే, ఒకటింబావు. తప్పు ఇంత క్రమంగా ఉంటే తీగ వదులు కాదు, బెల్టు జారడమూ కాదు. పెట్రోలు ఇంజన్‌లో అయితే మీటరు నిప్పురవ్వలను లెక్కపెట్టుకోవచ్చు, డీజిల్‌లో ఆ రవ్వ లేదు. అందుకని ఈ బోటులో మీటరు ఆల్టర్నేటరు నుంచి వచ్చే విద్యుత్ తరంగాలను లెక్కిస్తుంది. మీటరుకు ఇంజన్ కనిపించదు, ఆల్టర్నేటరే కనిపిస్తుంది. పన్నెండు ధ్రువాల ఆల్టర్నేటరు ఒక చుట్టుకు ఆరు తరంగాలు పంపుతుంది. ఇంజన్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటరు పుల్లీ 75 అయితే ఇంజన్ ఒక చుట్టుకు అది రెండు చుట్లు, అంటే 12 తరంగాలు. మీటరును ఆ 12కే సరిచేసి పెట్టారు. మేము బెల్టు కూర్చునే చోట కొలిస్తే (అంచున కొలిస్తే లెక్క తప్పుతుంది) ఆల్టర్నేటరు పుల్లీ 60 తేలింది! తరంగాలు 15 అయ్యాయి. 12కు 15 ఎంతో 60కి 75 అంతే.

అప్పుడు యజమానికే గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది వేరే రేవులో ఆల్టర్నేటరు కాలిపోతే, దొరికింది తగిలించుకుని వచ్చారట. ఆలస్యాలు మొదలైంది ఆ తర్వాతే. సరంగు 1800 అనుకుని నడిపింది నిజానికి 1440.

ఇది తిరగబడి ఉంటే ఇంకా ప్రమాదం. పెద్ద పుల్లీ తగిలించి ఉంటే మీటరు తక్కువ చూపేది, సరంగు ఇంకా తొక్కేవాడు. ప్రొపెల్లరు లాగే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. చుట్లు నూటికి పది పెరిగితే బలం నూటికి ముప్పైమూడు పెరగాలి. గవర్నరు ఉంటుంది, కాదనం. అయినా రోజంతా ఆ హద్దు మీద నడిపితే ఏ ఇంజన్ ఓర్చుకుంటుంది?

తప్పులన్నీ ఇట్లా బుద్ధిగా ఉండవు. లైట్లు వేయగానే సూది పడిపోతే బెల్టు జారుతోందన్నమాట. సూది గంతులేస్తుంటే ఆల్టర్నేటరు వెనక తీగ కొసలు చూడండి. ఉప్పుగాలికి పచ్చ చిలుము పట్టి ఉంటుంది. స్టార్ట్ చేయగానే సున్నా చూపి, కొంచెం వేగం ఇస్తే లేస్తే బెంగపడకండి, ఆల్టర్నేటరు అప్పటికి మేలుకోలేదు, అంతే. ఫ్లైవీల్ పళ్ళ దగ్గర అయస్కాంతపు సెన్సారు ఉన్న బోట్లలో పుల్లీతో పనిలేదు; సెన్సారుకూ పళ్ళకూ మధ్య సందు, మీటరులో పెట్టిన పళ్ళ సంఖ్య చూసుకోవాలి.

ఈ మీటరు వెనక సరిచేసే చిన్న మర ఉంది. ట్యూబు కింద గీతలను మళ్ళీ నిలబెట్టి, సూది 1500 మీదికి వచ్చేదాకా మా శిష్యుడు మర తిప్పాడు. 750 దగ్గర నాలుగు గీతలు ఎనిమిదిగా కనిపించాయి, సూదీ 750 మీదే నిలిచింది. లేజరు పరికరమూ అదే అన్నది.

యజమాని సరంగుకు క్షమాపణ చెప్పాడా అని అడుగుతారేమో. మా ఎదుట చెప్పలేదు. నిషేధం ముగిసిన మర్నాడు బోటు బయల్దేరినప్పుడు చుక్కాని దగ్గర ఆ సరంగే ఉన్నాడు. పుల్లీ మీద సుద్ద గీతల చోట నాలుగు తెల్లరంగు గీతలు వేయించి ఉన్నాయి.