బొమ్మల కథను చదువుట

బొమ్మల కథ యనగానే పెద్దలము పెదవి విరుచుట పరిపాటి. అది అక్షరములు కూడబలుకుకొను పసివారికే గాని మనకెందుకను భావము మనలో పాతుకొనిపోయినది. ‘చందమామ’ వెలువడిన 1947 మొదలు తెలుగింట బొమ్మలకు లోటు లేదు. దాసరి సుబ్రహ్మణ్యంగారి సాహస ధారావాహికలను తలచుకొన్నప్పుడు ‘చిత్రా’గారి బొమ్మలు కన్నులకు కట్టనివారు అరుదు. అయినను అచట కథను నడపినది వాక్యము. బొమ్మ దాని వెంట నడచినది. ఆ బొమ్మలను తీసివేసినను, అది అన్యాయమే గాని, కథ నిలుచును. మనమిప్పుడు ముచ్చటించుకొను చిత్రకథలో బొమ్మయే వాక్యము. దానిని తీసివేసినచో మిగులునవి కొన్ని కేకలు మాత్రమే.

ఒక గడిలో వీరుడు గోడ నెక్కుచుండును. తరువాతి గడిలో ఆవలి వీధిని పరుగెత్తుచుండును. అతడు దుమికినదెప్పుడు? ఆ రెండు గడుల నడుమనున్న సన్నని తెల్లని సందులో. ఆ దుముకును గీసినది చిత్రకారుడు గాదు, చదువరి. వెన్నాడు ఘట్టములో గడులు ఇరుకై కన్నును తరుముచుండును. సముద్రమో పర్వతమో వచ్చినపుడు పెద్ద గడి మనలను నిలువరించును. అపరాధ పరిశోధన కథయైనచో బొమ్మ మూలలను వెదకవలెను. ఆధారము తరచుగా అచటనే దాగియుండును.

బెల్జియము చిత్రకారుడు ఎర్జే 1929లో టిన్‌టిన్ అను యువ విలేఖరిని సృష్టించెను. వానిని ఓడలెక్కించెను, ఎడారులలో త్రిప్పెను. మానవుడు చంద్రునిపై కాలు మోపిన 1969కి పదునైదేండ్లకు పూర్వమే వానిని చంద్రమండలమునకు చేర్చెను. అయితే ఎర్జే తొలినాటి కథలన్నియు మెచ్చదగినవి కావు. 1930-31 నాటి కాంగో కథలో ఆఫ్రికావారిని తెలివిమాలినవారినిగా, వికృతమైన పెదవులు గలవారినిగా గీసెను. ఆ దేశము అప్పుడు బెల్జియము ఏలుబడిలో నుండెను. పరుల పాలన చవిచూచిన మనకు ఆ గీతలోని అహంకారము చప్పున తగులును. హాస్యమే గదా యని సరిపెట్టుకొనుటకు మేమొప్పుకొనము. వీరుడెవ్వడో చూచినంత శ్రద్ధగా, నవ్వులపాలైనవారెవ్వరో కూడ చూడవలెను.

ఆ చేయియే మారినది. 1934లో చైనా కథ నెత్తుకొనునపుడు ఎర్జేకు, బ్రస్సెల్స్‌లో కళాభ్యాసము చేయుచున్న జాంగ్ చోంగ్‌రెన్ అను చైనా యువకునితో స్నేహము కుదిరెను. ఆ స్నేహఫలమే ‘నీలికమలము’. అందు వీధిగోడలపై నున్న చైనా అక్షరములు వట్టి అలంకారములు కావు. అవి నిజమైన మాటలు, కొన్ని సామ్రాజ్యవాదమును ధిక్కరించు నినాదములు. చైనా భాష రాని పాఠకుడు వానిని చూచి కూడ చూడకపోయెను. ఈ కథలో టిన్‌టిన్ వరదనీటి నుండి చాంగ్ అను బాలుని రక్షించును. ఒకరి జాతిని గూర్చి ఒకరు విన్న కట్టుకథలను చెప్పుకొని ఇరువురును నవ్వుకొందురు. ఇచట నవ్వులపాలైనవి దురభిప్రాయములు.

జాంగ్ స్వదేశమునకు మరలిపోయెను. యుద్ధముల నడుమ మిత్రులకు ఒకరి జాడ ఒకరికి తెలియకపోయెను. 1960లో పుస్తకముగా వచ్చిన టిబెట్టు కథలో టిన్‌టిన్, హిమాలయములలో విమానము కూలి మరణించెనని అందరును నమ్మిన చాంగును వెదకుచు పోవును. దారిలో ఢిల్లీలో కుతుబ్ మీనారు కూడ కనబడును. ఈ కథలో దుర్మార్గుడే లేడు. ఎదురు నిలిచినవి మంచు, అలసట, తోడివారి నిరాశ. పుటలు పుటలుగా తెలుపు పరచుకొనియుండును. సాహసకథ గదా యని ఆ పుటలను తొందరగా త్రిప్పరాదు. ఆ తెలుపులో ఒక చిన్న మనిషి నడుచుచున్నాడు, వానితోడ మనము నడువవలెను.

జాంగ్ 1981లో బ్రస్సెల్స్ నగరమునకు తిరిగి వచ్చెను. అప్పటికి ఇరువురును డెబ్బది దాటినవారు. మరి రెండేండ్లకు, 1983లో, ఎర్జే కన్నుమూసెను.