ఉరుగ్వే పంపిన గుర్రం

మేలుజాతి గుర్రాల వేలం కేటలాగుల్లో కొన్ని పేర్లు నల్లగా, దిట్టంగా అచ్చవుతాయి. అవి గుర్తింపు పొందిన పెద్ద పందేల్లో రాణించిన గుర్రాలవి. చిన్న దేశాల విజయాలకు ఆ గౌరవం అంత సులువుగా దక్కదు. పోటీ పలచన కాబట్టి కొంతవరకు సబబే. అయితే ఇన్వేజర్ అనే గుర్రం సంగతి వినండి. పుట్టింది అర్జెంటీనాలో, పరుగు నేర్చింది ఉరుగ్వేలో. మాంటెవిడియోలోని మరోన్యాస్ మైదానం 1997లో మూతపడి, 2003లో తిరిగి తెరుచుకుంది. 2005లో అక్కడే ఇన్వేజర్ ఓటమి ఎరగకుండా మూడు పెద్ద పందేల ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. తర్వాత దాన్ని దుబాయ్‌కి చెందిన షేక్ హమ్దాన్ కొన్నారు. 2006లో అమెరికాలో అందరూ గెలుస్తుందనుకున్న బెర్నార్డీనిని వెనక్కి నెట్టి బ్రీడర్స్ కప్ క్లాసిక్, మరుసటేడు దుబాయ్ వరల్డ్ కప్ సాధించింది. మొత్తం 12 పందేల్లో 11 గెలుపులు!