యుద్ధము ముగిసెను, నిరీక్షణ ముగియలేదు



ఈ నూరేండ్ల పండుగలో దేవుని మేలులను లెక్కించుకొనుచున్నాము. మన నిరీక్షణలలో నెరవేరనివి ఏవో కూడ తలంచుకొనుట మంచిదని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో కర్నూలు, కడప జిల్లాల మాల, మాదిగ పేటల నుండి యువకులు సైన్యములో చేరిరి. వానను నమ్ముకొన్న సీమలో నెల జీతము గొప్ప ఆదరణ. అంతకన్న గొప్పది మరొక ఆశ: యూనిఫారము తొడిగినవానిని ఊరు ఇక దూరముగా నిలువబెట్టదని. 1941 ఆగస్టులో అట్లాంటిక్ ప్రకటన, ప్రతి జాతికి తన పాలనను ఎన్నుకొను హక్కు కలదని చెప్పెను. అది ముఖ్యముగా ఐరోపా దేశములను గూర్చినదని చర్చిల్ మరుసటి నెలలోనే పార్లమెంటులో వివరించెను. అయినను మనవారి ఆశ చావలేదు.

1947లో రెండు సంతోషములు కలిగెను. ఆగస్టు 15న స్వాతంత్ర్యము వచ్చెను. సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. 1950లో రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. కాని ఊరికి తిరిగివచ్చిన సిపాయి బావిగట్టు దగ్గర, ఎవరో తోడి పోయువరకు, మునుపటివలెనే కడవతో నిలిచెను.

ఆ యేడే ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుని షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల ఉంచెను. పరాయి ప్రభుత్వము 1936లో గీచిన గీతను మన ప్రభుత్వము చెరపలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరువబడెను. మనకు మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల 'సి' విభాగములో ఒక్క శాతము దక్కెను. మతమునుబట్టి ఈ భేదము ఉండరాదని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మన పక్షమున తీర్మానము చేసెను.

ప్రభుత్వమును అడుగుదము, అది మన హక్కు. అయితే మనలను మనము కూడ అడుగుకొందము. మన సంఘములలో పెండ్లి సంబంధము చూచునప్పుడు, కమిటీ ఎన్నికలలో ఓటు వేయునప్పుడు, మాల యెవరు, మాదిగ యెవరు, రెడ్డి యెవరు అని చూడక యున్నామా? ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనము పుచ్చుకొని, గుడి వాకిలి దాటగానే వేరు వీధులు పట్టుట లేదా? ఆ సిపాయిని బావి దగ్గర ఆపిన చేయి మనలోను ఉన్నది.

ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచినది ఒక్క రాత్రిలో. అరణ్యము దాటుటకు నలువది యేండ్లు పట్టెను. రెండవ నూరేండ్లలో అడుగు పెట్టుచున్న మనము, ముందుగా మన గుడిలోని బావిని అందరికి తెరచుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక.