పాత ట్రాక్టరు వెనక హౌసింగ్‌లో ఏ ఆయిల్ పోయాలి?

ట్రాక్టరు ఇంజన్‌కు ఒక ఆయిల్ ఉంటే, ఇంజన్ వెనక ఉండే పెద్ద ఇనుప హౌసింగ్‌కు మరో ఆయిల్ ఉంటుంది. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్టును లేపే హైడ్రాలిక్ పంపు, పీటీవో, కొన్ని మోడళ్లలో బ్రేకులు కూడా ఈ రెండో ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. గేరు పళ్ల మధ్య పొరలా నిలబడి అరుగుదల తగ్గించడం, పంపు ఇచ్చిన ఒత్తిడిని లిఫ్టు సిలిండరు దాకా మోసుకెళ్లడం, రాపిడికి పుట్టే వేడిని లాగేయడం, లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడడం దీని పనులు. ఈ పనులన్నీ ఒకే గుణాన్ని అడగవు. గేర్లకు చిక్కటి ఆయిల్ కావాలి, పంపుకు తేలిగ్గా పారేది కావాలి. గేర్లకు జారుడు కావాలి, ఆయిల్‌లో మునిగిన బ్రేకు ప్లేట్లకు పట్టు కావాలి. అందుకే పాత ట్రాక్టరుకు ఆయిల్ కొనేటప్పుడు ధర, కంపెనీ పేరు తర్వాతి సంగతి. ఆ బండి హౌసింగ్ లోపల ఏయే భాగాలున్నాయో తెలుసుకోవడం మొదటి పని.

ఇన్ని భాగాలను ఒకే ఆయిల్‌తో నడిపించిన బండ్లలో హారీ ఫెర్గూసన్ రూపొందించిన ట్రాక్టరు ముఖ్యమైనది. 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారీ మొదలైన ఫెర్గూసన్ టీఈ-20లో హైడ్రాలిక్ పంపు వెనక హౌసింగ్ లోపలే, ఆయిల్‌లో మునిగి ఉంటుంది. నాలుగు పిస్టన్లున్న ఆ పంపును పీటీవో షాఫ్టు తిప్పుతుంది. గేర్లను తడిపే ఆయిలే పంపులోకి వెళ్లి లిఫ్టును లేపుతుంది. తర్వాత వచ్చిన మాసీ ఫెర్గూసన్ 35, మన దేశంలో టాఫే తయారుచేసిన మాసీ 1035 ఈ వంశానివే. ఇలాంటి బండిలో గేర్ల మేలు కోరి మరీ చిక్కటి ఆయిల్ పోస్తే పంపు దాన్ని పీల్చుకోలేదు. పంపు మేలు కోరి మరీ పలచటిది పోస్తే గేరు పళ్ల మధ్య పొర నిలవదు.

మరికొన్ని పాత మోడళ్లలో లిఫ్టు ఆయిల్‌కు ఒక గది, గేర్లకు ఇంకో గది ఉంటాయి. అక్కడ రెండు రకాల ఆయిల్ పోయడానికి వీలుంది. నింపే మూతలు, డిప్‌స్టిక్‌లు ఎన్ని ఉన్నాయో చూస్తే కొంత తెలుస్తుంది. కింద ఉండే డ్రెయిన్ బోల్టులను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. ఒకే గదికి రెండు మూడు బోల్టులు ఉండటం మామూలే. కచ్చితమైన జవాబు బండితో పాటు ఇచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది. చేతులు మారిన బండికి ఆ పుస్తకం దొరకకపోతే డీలరు దగ్గర సర్వీస్ మాన్యువల్, పార్ట్స్ బుక్ చూడవచ్చు.

ఆ పుస్తకాల్లో తప్పక చూడాల్సింది బ్రేకుల పేజీ. పాత ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి పొడి బ్రేకులే ఉండేవి, అంటే ఆయిల్ తగలని డ్రమ్ములు లేదా డిస్కులు. వాటి దాకా వెనక ఆయిల్ చేరకూడదు. సీలు పోయి చేరిందంటే బ్రేకు జారిపోతుంది. తర్వాతి కాలపు బండ్లలో ఆయిల్‌లో మునిగి పనిచేసే బ్రేకులు వచ్చాయి. ఒకే మోడల్ పేరు మీద తయారీ ఏడాదిని బట్టి బ్రేకుల రకం మారిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, పక్క రైతు బండి చూసి నిర్ణయించుకుంటే పొరపాటు జరగవచ్చు.

డబ్బా మీద ముందుగా కనిపించే అంకె చిక్కదనానిది. శాస్త్ర పరిభాషలో దీన్ని స్నిగ్ధత అంటారు, సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. ఇక్కడ చాలామంది ఒక చోట తడబడతారు. ఇంజన్ ఆయిళ్లకు ఒక కొలబద్ద, గేర్ ఆయిళ్లకు మరో కొలబద్ద ఉన్నాయి. ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్ అంటే ఎస్ఏఈ 40 ఇంజన్ ఆయిల్‌కు రెట్టింపు చిక్కన అని అర్థం కాదు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిస్తే ఎస్ఏఈ 40 ఇంజన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్ 13.5 నుంచి 18.5 మధ్య ఉంటుంది. చిక్కదనంలో రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నట్టు. హైడ్రాలిక్ ఆయిళ్లకు వాడే ఐఎస్ఓ అంకె మూడో కొలబద్ద. ఐఎస్ఓ 68 అంటే 40 డిగ్రీల దగ్గర సుమారు 68 సెంటీస్టోక్స్. ఒక కొలబద్ద మీది అంకెను ఇంకో కొలబద్ద మీది అంకెతో పోల్చకూడదు.

వేడి పెరిగే కొద్దీ ఏ ఆయిలైనా పలచబడుతుంది, చల్లబడితే చిక్కబడుతుంది. ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సాధారణంగా 150 సెంటీస్టోక్స్ పైనే ఉంటుంది. ట్రాక్టరు హైడ్రాలిక్ కోసం ప్రత్యేకంగా తయారైన ఆయిల్ అదే వేడి దగ్గర 60 చుట్టుపక్కల ఉంటుంది. చలికాలంలో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగినప్పుడు చిక్కటి ఆయిల్ ఇంకా బిగిసి, పంపు కూత పెడుతుంది, లిఫ్టు ఆలస్యంగా లేస్తుంది. మే నెల ఎండలో పని ఒత్తిడికి ఆయిల్ బాగా కాగినప్పుడు పలచటి ఆయిల్ పంపు సందుల్లోంచి జారిపోయి, బరువైన నాగలి సగంలో ఆగిపోతుంది. 10డబ్ల్యూ-30 లాంటి రెండంకెల ఆయిల్, అంటే మల్టీగ్రేడ్, ఈ రెండు కొసల మధ్య మార్పును తగ్గిస్తుంది. డబ్ల్యూ అక్షరం ముందున్న అంకె చలిలో ఆయిల్ నడకను, తర్వాతి అంకె వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతాయి.

చిక్కదనం తర్వాత చూడాల్సింది ఆయిల్‌లో కలిపిన రసాయనాలు. గేర్ ఆయిల్ డబ్బా మీద ఏపీఐ జీఎల్-4, జీఎల్-5 అనే గుర్తులు ఉంటాయి. గేరు పళ్ల మీద విపరీతమైన ఒత్తిడి పడినప్పుడు ఆయిల్ పొర చిరిగిపోయినా, లోహం లోహాన్ని కొరుక్కోకుండా కాపాడేందుకు గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలను ఆయిల్‌లో చేరుస్తారు. జీఎల్-5లో ఇవి జీఎల్-4 కంటే ఎక్కువ, సాధారణంగా రెట్టింపు దాకా ఉంటాయి. పళ్లు ఒకదాని మీద ఒకటి బాగా రుద్దుకుంటూ తిరిగే హైపాయిడ్ గేర్ల కోసం జీఎల్-5 పుట్టింది. పాత ట్రాక్టర్ల డిఫరెన్షియల్‌లో ఎక్కువగా ఉండే స్పైరల్ బెవెల్ గేర్లకు జీఎల్-4 సరిపోతుంది.

అంకె పెద్దదైతే ఆయిల్ మంచిదనుకుని జీఎల్-5 పోయడంలో నష్టం కూడా ఉంది. పాత బండ్లలో పంపు బుష్‌లు, థ్రస్టు వాషర్లు చాలాచోట్ల కంచుతోనో ఇత్తడితోనో చేసినవి. రెండింట్లోనూ రాగి ఉంటుంది. ఆయిల్ కాగినప్పుడు చురుకైన గంధకం రాగితో కలిసి దాన్ని నల్లగా మార్చి, కొద్దికొద్దిగా తినేస్తుంది. అందుకే ఆయిల్ తయారీ ప్రయోగశాలల్లో మెరుగుపెట్టిన రాగి పట్టీని వేడి ఆయిల్‌లో ముంచి, కొన్ని గంటల తర్వాత దాని రంగు ఎంత మారిందో చూసే పరీక్ష చేస్తారు. మాన్యువల్ జీఎల్-4 అని చెప్పినచోట జీఎల్-4 పోయడమే మేలు.

ఆయిల్ బ్రేకులున్న బండికి మామూలు గేర్ ఆయిల్ అసలు పనికిరాదు. బ్రేకు తొక్కినప్పుడు ప్లేట్ల మధ్య రాపిడి ఎంత ఉండాలో ఆయిల్‌లోని రసాయనాలే నిర్ణయిస్తాయి. అవి లేని ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కగానే గరగరమని శబ్దం వచ్చి బండి అదురుతుంది. జారుడు మరీ ఎక్కువైతే లోడు ట్రాలీతో పల్లం దిగేటప్పుడు బండి ఆగదు. ఈ అవసరం కోసమే గేర్లు, హైడ్రాలిక్, ఆయిల్ బ్రేకులు మూడింటికీ సరిపోయేలా తయారైన రకాన్ని యూటీటీవో అంటారు. ఇంజన్‌కు కూడా పనికొచ్చే మరో రకం ఎస్‌టీవోయూ. పొడి బ్రేకులుండి, గేర్లకు విడి గది ఉన్న పాత బండికి యూటీటీవో తప్పనిసరి కాదు. మాన్యువల్ ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్ అని చెబితే జీఎల్-4 రకంలో అదే పోయవచ్చు.

యూటీటీవో అన్న పేరు ఒక్కటే చాలదు. ట్రాక్టరు కంపెనీలు తమ గేర్లు, బ్రేకుల మీద పరీక్షించి పెట్టుకున్న ప్రమాణాలకు సంకేతాలు ఉంటాయి. మాసీ ఫెర్గూసన్‌కు ఎం1135, ఎం1143, ఎం1145, ఫోర్డుకు ఎం2సీ134-డీ, జాన్ డీర్‌కు జే20సీ అలాంటివి. మాన్యువల్‌లో ఉన్న సంకేతం, లేదా దాని స్థానంలో కంపెనీ తర్వాత ప్రకటించిన సంకేతం డబ్బా వెనక అక్షరాలా ఉండాలి. అన్ని ట్రాక్టర్లకూ సరిపోతుందని ముందువైపు రాసి, వెనక ఒక్క ప్రమాణం కూడా చూపని డబ్బాను పక్కన పెట్టాలి.

ప్రమాణానికి కాలం చెల్లిపోయినా దాని పేరు మార్కెట్లో మిగిలిపోవడం ఉంది. అమెరికాలో జాన్ డీర్ 1960ల ట్రాక్టర్లకు 303 అనే రకం ఆయిల్ వాడేవారు. అందులో స్పెర్మ్ తిమింగలం నూనె ఒక భాగం. రాపిడిని అదుపు చేయడంలో ఆ నూనెకు అప్పట్లో మంచి పేరు. 1970లో ఆ తిమింగలాన్ని అమెరికా ప్రభుత్వం అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చడంతో ఆ నూనె దారి మూసుకుపోయింది. కంపెనీ 303ను వదిలి కొత్త ప్రమాణాలకు మారింది. కానీ 303 పేరు పెట్టుకున్న చవక ఆయిళ్లు దశాబ్దాల తర్వాత కూడా అక్కడ అమ్ముడుపోయాయి. నాణ్యత లేదని తేలి కొన్ని రాష్ట్రాలు వాటి అమ్మకాన్ని ఆపించాయి, కోర్టుల్లో దావాలు నడిచాయి. పాత పుస్తకంలో ఉన్న పేరు కొత్త డబ్బా మీద కనిపించినంత మాత్రాన లోపలి సరుకు అదేనని నమ్మడానికి లేదు.

సరైన ఆయిల్ పోసినా నీళ్లు చేరితే అది పాడవుతుంది. వరి పండే ప్రాంతాల్లో ఈ బెడద ఎక్కువ. దమ్ము చేసేటప్పుడు వెనక ఇరుసు బురదనీటిలో తిరుగుతుంది. ఇరుసు సీలు అరిగినా, గేరు లివరు కింది రబ్బరు చిరిగినా, గాలి ఆడే బ్రీదర్ మూత ఊడినా నీరు లోపలికి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే కొంత ఆయిల్‌ను గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే, నీరు ఎక్కువగా ఉన్నప్పుడు అడుగుకు చేరుతుంది. వంటకు వాడని పాత పెనాన్ని వేడిచేసి, మంట ఆర్పి, దూరంగా నిలబడి ఒక చుక్క వేస్తే నీరున్న ఆయిల్ చిటపటలాడుతుంది. నీరు కలిసిన ఆయిల్‌ను గంటల లెక్క చూడకుండా వెంటనే మార్చాలి. నురగ వస్తుంటే మాత్రం ఆయిల్ తగ్గిందో, పంపు పీల్చే దారిలో ఎక్కడైనా గాలి పడుతోందో చూడాలి. నల్లబడి మాడు వాసన వస్తే అతిగా కాగి చెడిపోయినట్టు.

ఆయిల్ మార్చే గడువు చాలా మోడళ్లకు 1000 గంటల ప్రాంతంలో ఉంటుంది. నీటిలో, దుమ్ములో ఎక్కువ తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి. బండి కాసేపు పనిచేసి ఆయిల్ వెచ్చబడ్డాక, చదునైన చోట ఆపి, లిఫ్టు చేతులను పూర్తిగా కిందికి దించి డ్రెయిన్ బోల్టులన్నీ విప్పాలి. మరీ కాగిన ఆయిల్ చేతి మీద పడితే కాలుతుంది. అయస్కాంతం ఉన్న బోల్టుకు సన్నటి ఇనుప ముద్ద అంటుకుని ఉండటం మామూలే. పెచ్చులు, గేరు పంటి ముక్కలు కనిపిస్తే మెకానిక్‌ను పిలవాలి. పంపు జల్లెడ కడిగి, ఫిల్టరు ఉంటే మార్చాలి. కొన్న పాత బండిలో ఏ ఆయిల్ ఉందో తెలియకపోతే దాని మీద కొత్తది కలపకుండా మొత్తం తీసేయాలి. కొత్త ఆయిల్ నింపాక లిఫ్టును నాలుగైదుసార్లు లేపి దించి, మళ్లీ డిప్‌స్టిక్ చూడాలి. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం ఈ హౌసింగ్‌లో పడకూడదు. అందులోని గ్లైకాల్ ఇక్కడి రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది. కొత్త ఆయిల్ పోశాక కారడం పెరిగితే అది సీళ్లు మార్చాలన్న సూచన. చిక్కటి ఆయిల్ పోస్తే కారడం తగ్గినట్టు కనిపించినా పంపుకు చేటు.

లేపి ఉన్న పనిముట్టు కిందికి, గట్టి ఆధారం పెట్టకుండా ఎవరూ వెళ్లకూడదు. పైపులో ఒత్తిడి ఉన్నప్పుడు సన్నటి రంధ్రం గుండా చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. లీకు ఎక్కడుందో చేత్తో తడమకుండా అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఆయిల్ చర్మంలోకి దూరితే పైకి చిన్న గాయమే కనిపించినా, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు కాబట్టి పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి.

తీసిన పాత ఆయిల్‌ను కాలువలో, పొలం గట్టున పారబోస్తే నీళ్లూ నేలా చెడతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే వారికి ఇవ్వాలి. ఆయిల్ మార్చిన తేదీ, గంటల మీటరు అంకె, పోసిన ఆయిల్ ప్రమాణం సంకేతం ఒక పుస్తకంలో రాసి ఉంచితే, మరోసారి కొనేటప్పుడు, బండి చేతులు మారినప్పుడు సందేహం ఉండదు.