భయమా అని అడిగే సైగ



మా గుడుపల్లెలో ఒక బధిర విద్యార్థి జూన్‌లో తిరుపతి బధిరుల పాఠశాలకు పోతున్నాడు. ఇకమీదట అతనికి ఇల్లంటే సెలవులే. పొద్దున్నే అమ్మీ భుజం తట్టి లేపుతుంది. బిందె చూపితే నీళ్ళకు పోతాడు. బెంగుళూరు రైలు వచ్చేది అరికాళ్ళతో కనుక్కుంటాడు, గడుసువాడు!

ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, సంతలో తమిళం, కన్నడం. పెదాలు చూసి అన్నీ పట్టుకోమంటే ఎలా? ఉర్దూలో ‘బాల్’ అంటే వెంట్రుకలు, ‘మాల్’ అంటే సరుకు. పెదాల మీద రెండూ ఒకటే!

ఆకలికి, నీళ్ళకు మనింట్లో సైగలున్నాయి. కొత్తచోట భయమేస్తుందా అని అడిగే సైగ ఏదీ? హాస్టల్లో వాడు సైగల భాష నేర్చుకొని సెలవులకొస్తే, జవాబు చెప్పేదెవరు? ఢిల్లీలోని భారతీయ సైగల భాషా కేంద్రం 2021లో 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. ఫోనులోనే చూసి నేర్చుకోవచ్చు.

సంఘం పెట్టె, బట్టలు కొనిస్తోంది, మంచిదే. జూన్ దాకా శుక్రవారం సాయంత్రాలు మా బడిగది తెరిచి పెడతాం. అమ్మీ, అబ్బా, తోబుట్టువులు, పక్కింటివాళ్ళు కూడా రండి. మొదట ఆ భయం సైగే నేర్చుకుందాం.