హిమాలయ సిందూర వనాలు: వినియోగం, పరిరక్షణ



ఓక్ వృక్షాన్ని తెలుగులో సిందూర వృక్షమని పేర్కొంటారు. మన ప్రాంతంలో దాని వనాలు లేవు గనుక పేరు తెలిసినంతగా దాని ఉపకారం మనకు తెలియదు. బదరీ కేదార యాత్ర చేసివచ్చిన తెలుగువారు మాత్రం కొండవాలులలో దాని నీడను చూసే ఉంటారు.

ఉత్తరాఖండ్‌లోని కుమావూన్, గఢ్వాల్ ప్రజలు దీనిని బాంజ్ అని పిలుస్తారు. సుమారు 1200 నుంచి 2300 మీటర్ల ఎత్తు వరకు బాంజ్, ఆ పైన తిలోంజ్, ఇంకా ఎత్తున ఖర్సూ అనే జాతులు మెట్లు మెట్లుగా పెరుగుతాయి. బాంజ్ ఆకు పశువులకు మేత. ఎండుకొమ్మ వంటచెరకు. రాలిన ఆకు పశువుల కొట్టంలో పరుపుగా ఉండి, పేడతో కలిసి పొలానికి ఎరువవుతుంది. అడవిలోనే మిగిలి కుళ్లిన ఆకు నేలను గుల్లపరచి, వాననీటిని ఇంకింపజేస్తుంది. ఆ నీరే నౌలా, ధారా అని అక్కడివారు పిలిచే ఊటలకు ఆధారం. బాంజ్ వనం క్షీణిస్తే పల్లెపడుచు మోపుకోసమే గాక, నీటికడవతోను దూరం నడవవలసి వస్తుంది.

బ్రిటిష్ పాలనలో అటవీశాఖ దృష్టి చీడ్ అనే పైన్ చెట్టుపై నిలిచింది. రైలుపట్టాల దిమ్మెలకు, బంకకు అది పనికివచ్చింది. అడవులపై పల్లెవారి హక్కులు కుంచించుకుపోగా 1921లో కుమావూన్‌లో తీవ్రమైన ఆందోళన చెలరేగింది. తత్ఫలితంగా 1931లో వన పంచాయతీల నియమావళి వెలువడింది. నేడు ఉత్తరాఖండ్‌లో పదకొండు వేలకు పైగా వన పంచాయతీలు ఉన్నాయి.

చిప్కో ఉద్యమకాలంలో చమోలీ జిల్లా డూంగ్రీ-పైంతోలీలో జరిగిన సంఘటన ఈ సందర్భంలో స్మరణీయం. 1980లో అక్కడి బాంజ్ వనాన్ని కొట్టి బంగాళాదుంపల క్షేత్రం నెలకొల్పాలని ఉద్యానశాఖ సంకల్పించింది. బదులుగా రోడ్డు, ఆసుపత్రి, పాఠశాల వస్తాయన్న ఆశతో పురుషులు సమ్మతించారు. స్త్రీలు సమ్మతించలేదు. మేతకు, కట్టెలకు మైళ్లకొద్దీ నడవవలసినది వారే కదా! వారి పట్టుదల వల్ల వనం నిలిచింది. 1981లో వెయ్యి మీటర్లకు పైబడిన ప్రాంతాలలో పచ్చని చెట్లను వాణిజ్యానికై నరకడం నిషేధింపబడింది.

అయితే గొడ్డలిని ఆపినంత మాత్రాన వనం సురక్షితం కాదు. ఏటేటా ఒకే చెట్టు కొమ్మలు విరిస్తే అది కాయలు కాయదు. కాయలు లేనిచోట మొలకలు లేవు. పలచబడిన వనంలోకి వెలుతురును కోరే చీడ్ ప్రవేశిస్తుంది. దాని ఎండుసూదులు వేసవిలో సులభంగా అంటుకుంటాయి. ఆ మంటకు చీడ్ తట్టుకోగలదు, లేత బాంజ్ తట్టుకోలేదు.

మారుతున్న శీతోష్ణస్థితి ఈ చిక్కును ఇనుమడింపజేస్తున్నది. ఖర్సూ కాయ వర్షకాలంలో పండి, రాలిన వెంటనే మొలకెత్తవలసినది. తడి లేకుంటే త్వరలోనే జీవశక్తిని కోల్పోతుంది. వేడిమి వల్ల కాయ ముందుగా పండి, వాన వెనుకపడితే ఆ ఏటి విత్తనమంతా వ్యర్థం. దీర్ఘమైన పొడి వేసవులు కార్చిచ్చులకు దోహదం చేస్తాయి. 2016లోను, 2024లోను ఉత్తరాఖండ్ అటువంటి అగ్నిప్రమాదాలకు గురి అయింది.

కర్తవ్యం అస్పష్టం కాదు. వనాన్ని భాగాలుగా విభజించి, ఒకదానిలో ఆకు కోసే కాలంలో మిగిలినవాటికి విశ్రాంతినివ్వాలి. చెట్టు తలను వదలి క్రిందికొమ్మలనే కోయాలి. మొలకలున్న చోట పశువులను కొంతకాలం నిలిపివేయాలి. వేసవికి ముందే చీడ్ సూదులను ఏరివేయాలి. పౌడీ జిల్లా ఉఫ్రైంఖాల్ ప్రాంతంలో మహిళా మంగళ దళాలు మొక్కలు నాటి, వాలుపై చిన్న నీటిగుంటలు త్రవ్వి, ఎండిన వాగులో జలకళను చూడగలిగాయి. నరికిన మొదలు నుంచి చిగురించే గుణం బాంజ్‌కు ఉన్నది. మనిషి కొంత ఓపిక పడితే వనం తిరిగి నిలుస్తుంది.

కొండ ఊటల నీరు వాగులై, నదులై గంగలో కలిసి మైదానాల పైరును తడుపుతుంది. ఆ నీటిని అనుభవించే జనకోట్లు ఊట చెంతనున్న స్త్రీల శ్రమకు ఋణపడి ఉన్నారు. వనాన్ని కాపాడే పల్లెకు ప్రత్యామ్నాయ ఇంధనం, మేత సమకూర్చడం ఆ ఋణంలో కొంతైనా తీర్చుకోవడమే.